'పోతాంటి' అనేవాళ్ళు 'ఐ వాజ్ గోయింగ్' దగ్గర ఎందుకు తడబడాలి?

ప్రశ్న: మాది తాడిపత్రి. బీకాం అయిపోయింది. ఇంటర్వ్యూల కోసం అనంతపురంలో స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుకు పోతున్నాను. పాస్ట్ కంటిన్యువస్ రూలు నాకు నోటికొచ్చు: వాజ్ లేదా వర్, పక్కన క్రియకు ఐఎన్‌జీ. ఖాళీలు పూరించమంటే తప్పు పోను. మాట్లాడాల్సి వచ్చేసరికి మాత్రం ఎక్కడ 'ఐ వెంట్', ఎక్కడ 'ఐ వాజ్ గోయింగ్' అనాలో తేలక, రెండూ కలిపి 'ఐ వాజ్ గో' అనేస్తున్నాను. మాక్ ఇంటర్వ్యూలో 'ఐ వాజ్ కంప్లీటింగ్ మై డిగ్రీ ఇన్ 2023' అన్నాను, 'ఐ వాజ్ నోయింగ్ ట్యాలీ' (అకౌంట్లు రాసే సాఫ్ట్‌వేర్) అన్నాను. రెండూ తప్పన్నారు గానీ ఎందుకో చెప్పలేదు. తెలుగులో ఆలోచించడం మానేసి ఇంగ్లిష్‌లో ఆలోచించమంటున్నారు. అది ఎట్లా చేతనవుతుంది?

జవాబు: తెలుగులో ఆలోచించడం మానొద్దు. మిగతా ఇంగ్లిష్ సంగతి ఎట్లున్నా, ఈ ఒక్క టెన్స్ దగ్గర మీ ఇంటి మాట మీకు అడ్డం కాదు, ఆసరా. పాఠ్యపుస్తకాల తెలుగులో 'తింటున్నాను' అనే ఒక్క రూపమే రెండు పనులూ చేస్తుంది. 'ఇప్పుడు తింటున్నాను' అన్నా అదే, 'నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు తింటున్నాను' అన్నా అదే. ఆ తెలుగును పట్టుకొని ఇంగ్లిష్‌లోకి పోయేవాళ్ళ నోట 'ఐ యామ్ ఈటింగ్ వెన్ యూ కాల్డ్' అని రావడంలో వింత లేదు. మన సీమ మాటలో ఆ రెండూ వేరువేరు. ఇప్పటి సంగతైతే 'తింటాండా', నిన్నటి సంగతైతే 'తింటాంటి'. వాడు ఇప్పుడు 'తింటాండాడు', నిన్న ఆ యాళకు 'తింటాండె'. వాళ్ళు ఇప్పుడు 'తింటాండారు', అప్పుడు 'తింటాండిరి'. ఊరు మారితే పలుకు కొంచెం అటూఇటూ అవుతుంది గానీ తేడా మాత్రం ఉంటుంది. ఆ 'తింటాంటి'నే ఇంగ్లిష్‌లో 'ఐ వాజ్ ఈటింగ్' అంటారు. 'తింటాండె' అంటే 'హీ వాజ్ ఈటింగ్', 'తింటాండిరి' అంటే 'దే వర్ ఈటింగ్'. క్లాసులో మొహమాటపడి దాచిపెట్టే మాటే ఇక్కడ పనికొస్తుంది. వాక్యాన్ని ముందు ఇంట్లో మాట్లాడినట్టు మనసులో అనుకోండి. చివర '-తాంటి, -తాండె, -తాండిరి' వచ్చిందంటే వాజ్ లేదా వర్ వైపు పోవచ్చు. 'తింటి', 'తినె', 'తిన్యా' అని వస్తే అది సింపుల్ పాస్ట్, 'ఐ ఏట్', 'హీ ఏట్'. ఈ గుర్తు కొన్నిచోట్ల పక్కదోవ పట్టిస్తుంది, వాటి సంగతి తర్వాత చూద్దాం.

అంతకంటే ముందు మీ నోట్సులో ఒక వాక్యం కొట్టేయాలి. 'చాలాసేపు జరిగిన పనికి పాస్ట్ కంటిన్యువస్ వాడాలి' అని చాలాచోట్ల రాయిస్తారు. చిక్కంతా అక్కడ మొదలవుతుంది. పని ఎంతసేపు జరిగిందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. గతంలో ఒక గడియ మీద వేలు పెట్టి చూపిస్తే, ఆ గడియకు పని మొదలై ఉండాలి, ముగిసి ఉండకూడదు. షరతు అంతే. 'ఐ వాజ్ క్రాసింగ్ ది రోడ్ వెన్ ది బస్ కేమ్' అన్నప్పుడు రోడ్డు దాటడం పది సెకన్ల పని, అయినా బస్సు వచ్చిన క్షణానికి మీరు నడిమధ్య ఉన్నారు కాబట్టి కంటిన్యువస్. 'ఐ వర్క్‌డ్ ఇన్ ఎ క్లాత్ షాప్ ఫర్ టూ ఇయర్స్' అన్నప్పుడు రెండేళ్ళ పని, అయినా దాన్ని మొత్తంగా మూటగట్టి 'అయిపోయింది' అని చెబుతున్నారు కాబట్టి సింపుల్ పాస్ట్. కాబట్టి వాజ్ అని నోరు తెరిచే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న 'ఎంతసేపు?' కాదు, 'ఏ గడియకు?' అన్నది. ఆ గడియ మూడు రకాలుగా దొరుకుతుంది. గడియారం టైము కావచ్చు: 'ఎట్ ఎయిట్ లాస్ట్ నైట్ ఐ వాజ్ హావింగ్ డిన్నర్'. ఇంకో సంఘటన కావచ్చు: 'వెన్ ది పవర్ వెంట్ ఆఫ్'. లేదా ముందు వాక్యంలోనే చెప్పి ఉండొచ్చు. ఈ మూటిలో ఒక్కటీ లేకపోతే నూటికి తొంభైసార్లు మీకు కావాల్సింది సింపుల్ పాస్టే.

ఇప్పుడు మీ మొదటి తప్పు చూద్దాం. 'కంప్లీట్' అంటేనే ముగింపు. 'ఇన్ 2023' అని ఏడాది మొత్తం చెప్పి, ఆ ఏడాదిలో డిగ్రీ ముగిసిందని చెబుతున్నప్పుడు నడిమధ్య అన్నది లేదు. 'ఐ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2023' అనాలి. అదే 2023లో ఫైనల్ ఇయర్ నడుస్తోందని చెప్పదలిస్తే 'ఇన్ 2023 ఐ వాజ్ డూయింగ్ మై ఫైనల్ ఇయర్' అన్నది నిక్షేపంగా సరైన వాక్యం. ఏడాది అదే, మీరు చెప్పే సంగతి మారింది.

రెండు టెన్సుల తేడా నాలుకకు పట్టాలంటే ఈ జంటను పదేపదే పైకి అనండి. 'వెన్ మై అంకుల్ కేమ్, ఐ మేడ్ టీ.' మామ వచ్చినాక టీ పెట్టినా. 'వెన్ మై అంకుల్ కేమ్, ఐ వాజ్ మేకింగ్ టీ.' మామ వచ్చే యాళకు టీ పెడతాంటి. మొదటిదాంట్లో టీ మామ కోసం, రెండోదాంట్లో ఆయన రాకపోయినా టీ తయారయ్యేదే. మామకు మర్యాద జరిగిందో లేదో టెన్సే చెప్పేస్తుంది. ఇంటర్వ్యూలో ఇదే తేడా ఖరీదైనది. 'ఐ వాజ్ డూయింగ్ ఎ ట్యాలీ కోర్స్' అని ఊరుకుంటే, అవతలివాళ్ళకు కోర్సు మధ్యలో వదిలేశారేమో అన్న అనుమానం వస్తుంది. పూర్తయిన పనిని 'ఐ డిడ్', 'ఐ ఫినిష్డ్' అని చెప్పుకోవాలి.

సీమ మాటలో ఇంకో మంచి గుర్తు 'తాంటే'. 'అన్నం తింటాంటే ఫోనొచ్చె', 'అనంతపురం పోతాంటే బస్సు చెడిపాయె'. తాంటే ఉన్న భాగం వాజ్-వర్ వైపు, చివర తెగిపోయిన క్రియ సింపుల్ పాస్ట్ వైపు: 'వైల్ ఐ వాజ్ గోయింగ్ టు అనంతపూర్, ది బస్ బ్రోక్ డౌన్'. 'పోతాంటే'కు వైల్, 'పోయినప్పుడు'కు వెన్ అని పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది. వెన్ పక్కన కంటిన్యువస్ రాకూడదని కాదు, 'వెన్ ఐ వాజ్ గోయింగ్' అన్నా తప్పు లేదు. వైల్ పక్కన మాత్రం ఒక్క క్షణంలో తెగిపోయే పని పెట్టొద్దు. 'వైల్ ది బస్ అరైవ్‌డ్' అనరు.

ఇక్కడ చాలామంది జారేది కర్త దగ్గర. తెలుగులో 'మార్కెట్‌కు పోతాంటే వానొచ్చె' అంటే ఎవరు పోతున్నారో చెప్పనక్కర్లేదు, వినేవాళ్ళకు తెలుసు. దాన్నే 'వైల్ గోయింగ్ టు మార్కెట్, రెయిన్ కేమ్' అంటే ఇంగ్లిష్ లెక్కన సంచి పట్టుకొని మార్కెట్‌కు పోయింది వాన. 'వైల్ ఐ వాజ్ గోయింగ్ టు ది మార్కెట్, ఇట్ స్టార్టెడ్ రెయినింగ్' అనాలి. వాన సంగతి ఎత్తాం కాబట్టి ఒక మాట: 'రెయిన్ వాజ్ కమింగ్' అనొద్దు, 'ఇట్ వాజ్ రెయినింగ్'. 'కరెంట్ వాజ్ నాట్ దేర్' అని మనవాళ్ళంతా అంటారు, మనూళ్ళో అర్థమవుతుంది. బయటివాళ్ళతో 'దేర్ వాజ్ నో పవర్' అనడం మేలు.

ఇక ఇంటి మాట పక్కదోవ పట్టించే చోట్లు. అన్నిటికంటే పెద్ద గుంట అలవాట్ల దగ్గర ఉంది. 'చిన్నప్పుడు రోజూ నడిచి బడికి పోతాంటి' అంటాం. రూపం అదే, అర్థం వేరే. అది ఒక గడియ నడిమధ్య కాదు, ఏళ్ళ తరబడి అలవాటు. ఇంగ్లిష్ దీన్ని వాజ్-గోయింగ్‌లో కలపదు. 'ఐ యూస్డ్ టు వాక్ టు స్కూల్' అంటుంది, లేదా 'ఐ వాక్డ్ టు స్కూల్ ఎవ్రీ డే' అంటుంది. 'వెన్ ఐ వాజ్ ఎ చైల్డ్, ఐ వాజ్ గోయింగ్ టు స్కూల్ బై వాక్' అన్నది సీమలో ఇంటర్వ్యూలకు పోయేవాళ్ళ నోట తరచూ వినబడే వాక్యం. 'బై వాక్' కూడా తప్పే, 'ఆన్ ఫుట్' అనాలి. దీనికి విరుగుడు పుస్తకాల తెలుగులో ఉంది. మీ 'పోతాంటి'ని 'వెళ్ళేదాన్ని' అని మార్చి చూడండి. 'చిన్నప్పుడు రోజూ బడికి వెళ్ళేదాన్ని' అని మారి అర్థం నిలబడితే యూస్డ్ టు. 'నువ్వు ఫోన్ చేసినప్పుడు అన్నం తినేదాన్ని' అంటే నవ్వొస్తుంది, కాబట్టి అక్కడ వాజ్ ఈటింగ్. రోజూ, ఎప్పుడూ, ఆదివారమైతే అనే మాటలు వాక్యంలో కనబడితే ముందే జాగ్రత్తపడండి.

రెండో గుంట దీనికి తిరగేసింది. తెలుగులో తాంటి ఉండదు, ఇంగ్లిష్‌లో మాత్రం ఐఎన్‌జీ కావాలి. 'నేను పోయేసరికి ఆయప్ప కుర్చీలో కూచొని ఉండె', 'గేటు కాడ నిలబడి ఉండె', 'పాప పండుకొని ఉండె', 'నీలం చొక్కా వేసుకొని ఉండె'. మనకు కూర్చోవడం ఒక్క క్షణంలో అయిపోయే పని, ఆ తర్వాతది ఉండడం. ఇంగ్లిష్ ఆ ఉండడాన్ని కూడా నడుస్తున్న పనిలాగే చూస్తుంది: 'హీ వాజ్ సిట్టింగ్', 'హీ వాజ్ స్టాండింగ్ ఎట్ ది గేట్', 'షీ వాజ్ స్లీపింగ్', 'హీ వాజ్ వేరింగ్ ఎ బ్లూ షర్ట్'. 'వెన్ ఐ వెంట్ ఇన్, హీ శాట్ ఇన్ ది చెయిర్' అంటే మీరు లోపలికి పోయినాక ఆయన కూర్చున్నాడని అర్థం వస్తుంది. కూచొని, నిలబడి, పండుకొని, వేసుకొని, పట్టుకొని, ఆనుకొని: ఈ 'కొని ఉండె' మాటలను ఒక కాగితం మీద విడిగా రాసి పెట్టుకోండి.

మూడోది మర్యాద. 'నాన్న టీవీ చూస్తాండిరి', 'సార్ పాఠం చెబుతాండిరి' అని గౌరవానికి బహువచనం వాడతాం. అదే చేత్తో 'మై ఫాదర్ వర్ వాచింగ్', 'సార్ వర్ టీచింగ్' అనేస్తాం. ఇంగ్లిష్‌లో నాన్న ఎంత పెద్దవారైనా ఒక్కరే, 'మై ఫాదర్ వాజ్ వాచింగ్'. తిరగేసి, 'యూ' ఒక్కరైనా పదిమందైనా 'వర్' తీసుకుంటుంది. ఐ, హీ, షీ, ఇట్, పేరున్న ఒక మనిషి: వాజ్. వీ, యూ, దే, ఇద్దరు అంతకు మించిన మనుషులు: వర్. 'పీపుల్'కు వర్, 'ఎవ్రీబడీ'కి వాజ్. దీనికి ఇంతకంటే చెప్పేది లేదు.

మీ రెండో తప్పు, 'ఐ వాజ్ నోయింగ్ ట్యాలీ', వేరే జాతిది. తెలియడం, ఇష్టపడడం, కావాలనుకోవడం, నమ్మడం, అర్థమవడం, కలిగి ఉండడం, ఫలానా ధర ఉండడం అన్నవి పనులు కావు, స్థితులు. వాటిని మధ్యలో ఆపలేం. అందుకని నో, లైక్, వాంట్, నీడ్, బిలీవ్, అండర్‌స్టాండ్, బిలాంగ్, ఓన్, కాస్ట్ అనే క్రియలను మామూలుగా ఐఎన్‌జీతో వాడరు. 'ఐ న్యూ హిమ్', 'ఇట్ కాస్ట్ 500 రుపీస్'. ట్యాలీ మీకు ఇప్పటికీ వచ్చు కాబట్టి మీ వాక్యం గతంలోకి పోవాల్సిన పనే లేదు, 'ఐ నో ట్యాలీ' అనాలి. 'హావ్' మాత్రం రెండు ముఖాలది. బండి ఉంది, ఇద్దరు తమ్ముళ్ళున్నారు అనే అర్థంలో ఐఎన్‌జీ రాదు: 'ఐ హాడ్ ఎ బైక్'. తినడం, స్నానం, గొడవ పడడం లాంటి పనుల అర్థంలో వస్తుంది: 'వీ వర్ హావింగ్ లంచ్'. థింక్ కూడా అంతే. అభిప్రాయమైతే 'ఐ థాట్ ఇట్ వాజ్ రైట్', బుర్ర పని చేస్తోందంటే 'ఐ వాజ్ థింకింగ్ అబౌట్ ది జాబ్'. ఇక టీవీని 'సీయింగ్' కాదు 'వాచింగ్', పాటలను 'హియరింగ్' కాదు 'లిజనింగ్ టు'.

కాదు, లేదు అనడానికి వాజ్ పక్కన నాట్ పెడితే సరి. 'ఐ డిడ్‌న్ట్ గోయింగ్' అనే సంకరం రాకుండా చూసుకోండి, డిడ్ వచ్చిందంటే ఐఎన్‌జీ పోతుంది, ఐఎన్‌జీ వచ్చిందంటే డిడ్ పోతుంది. మీ 'ఐ వాజ్ గో' కూడా ఇదే కుటుంబం. వాజ్ అన్నాక నోరు ఆగకుండా ఐఎన్‌జీ దాకా పోవాలి. దీన్ని రూలుగా కాక ముక్కగా పట్టుకోండి: వాజ్-గోయింగ్, వాజ్-డూయింగ్, వాజ్-వెయిటింగ్ అన్నవి ఒక్కో మాటే అన్నట్టు. ప్రశ్నలో వాజ్ ముందుకొస్తుంది: 'వాట్ వర్ యూ డూయింగ్?' తెలుగులో ప్రశ్న వేసినా మాటల వరస మారదు కాబట్టి 'వాట్ యూ వర్ డూయింగ్?' అంటాం. చిత్రమేమిటంటే, ఈ తప్పు వరసే ఇంకోచోట ఒప్పు అవుతుంది: 'షీ ఆస్క్‌డ్ మీ వాట్ ఐ వాజ్ డూయింగ్'. ఎవరో అడిగిన మాటను మళ్ళీ చెబుతున్నప్పుడు వాజ్ వెనక్కి పోతుంది.

పలకడంలో రెండే సంగతులు. వాజ్ చివర 'జ్' వినబడాలి, 'వాస్' కాదు. వర్‌ను 'వేర్' అంటే ఎక్కడ అనే మాట అయిపోతుంది. రాతపరీక్ష ఉంటే స్పెల్లింగ్ చూసుకోండి. రైట్ (రాయడం), కమ్, డ్రైవ్ లాంటివాటి చివర ఉండే 'e' అక్షరం ఐఎన్‌జీ ముందు పడిపోతుంది. సిట్, రన్, కట్ లాంటి చిన్న మాటల చివరి అక్షరం రెండవుతుంది. బిగిన్‌లో ఒత్తు చివర పడుతుంది కాబట్టి ఎన్ రెండవుతుంది, విజిట్, ఓపెన్, లిజన్‌లలో ఒత్తు మొదట పడుతుంది కాబట్టి మారదు. స్టడీలో వై అక్షరం అట్లాగే ఉంటుంది, పక్కన ఐఎన్‌జీ చేరుతుంది. ఆ వై మింగేసిన అప్లికేషన్లు లెక్కలేనన్ని.

సాధన ఎట్లా చేయాలంటే, 'ఐ వాజ్ ఈటింగ్' అని యాభైసార్లు రాయడం దండగ. ఆ పద్ధతి రూలు నేర్పుతుంది, మీకు రూలు ముందే వచ్చు. రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు చాలు. నిన్నటి రోజులో మూడు గడియలు ఎంచుకోండి, పొద్దున ఏడు, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఎనిమిదిన్నర అనుకుందాం. ఒక్కో గడియకు మీరు, ఇంట్లో ఒకరు, బయట ఒకరు ఏం చేస్తాండిరో పైకి చెప్పండి. 'ఎట్ సెవెన్ ఐ వాజ్ ఫిల్లింగ్ వాటర్, మై మదర్ వాజ్ మేకింగ్ దోసాస్, ది నైబర్స్ వర్ వెయిటింగ్ ఫర్ ది ఆటో.' తొమ్మిది వాక్యాలవుతాయి, వాజ్-వర్ రెండూ తిరుగుతాయి. మూడు నాలుగు రోజులకు అది తేలికైనాక ప్రతి గడియలో ఒక అడ్డు తగిలించండి: 'ఐ వాజ్ ఫిల్లింగ్ వాటర్ వెన్ ది ట్యాప్ స్టాప్డ్'. రెండో వారంలో ఆ అడ్డు తర్వాత ఏమైందో రెండు వాక్యాలు సింపుల్ పాస్ట్‌లో చెప్పండి: 'ఐ వెంట్ నెక్స్ట్ డోర్. ఐ బ్రాట్ టూ బకెట్స్'. అసలు పని ఈ మూడో మెట్టులోనే జరుగుతుంది, ఎందుకంటే నిజంగా మాట్లాడేటప్పుడు ఈ టెన్స్ ఒంటరిగా రాదు. ఫోన్లో రికార్డు చేసి మరుసటి రోజు వినండి, అప్పటికప్పుడు వింటే తప్పులు చెవికి తగలవు. వింటున్నప్పుడు ప్రతి వాజ్ దగ్గరా ఆపి 'ఏ గడియకు?' అని అడగండి. జవాబు దొరకనిదాన్ని సింపుల్‌లోకి మార్చి మళ్ళీ చెప్పండి.

చదవడానికి ఇంగ్లిష్ పేపర్లో ప్రమాదాల వార్తలు ఎంచుకోండి. ఎడిటోరియల్ కంటే ఈ పనికి అవే మేలు. 'వర్ రిటర్నింగ్ ఫ్రమ్ తిరుపతి వెన్' అనే తరహా వాక్యం వాటిలో తరచూ ఉంటుంది, ఆ తర్వాత వరసగా సింపుల్ పాస్ట్. పెద్ద సంఘటనలనూ అదే పద్ధతిలో మీరే చెప్పి చూడండి. 2009 అక్టోబరు 2 కర్నూలు వరద తీసుకుంటే, 'ది తుంగభద్ర వాజ్ రైజింగ్. పీపుల్ వర్ క్లైంబింగ్ టు దెయిర్ టెర్రసెస్' అన్నది పరిచిన రంగం. 'ది వాటర్ ఎంటర్డ్ ది ఓల్డ్ టౌన్' అన్నది కథను ముందుకు నడిపే వాక్యం. ఆ రెండో రకాన్ని కూడా 'వాజ్ ఎంటరింగ్' అని మార్చేస్తే నీళ్ళు ఎప్పటికీ ఊళ్ళోకి రావు, కథ కదలదు.

వాడుకలో ఉపయోగపడే మరో రెండు ముక్కలు. 'నీకే ఫోన్ చేద్దామనుకుంటాంటి' అన్నదానికి 'ఐ వాజ్ గోయింగ్ టు కాల్ యూ'. కంపెనీ వాళ్ళను తర్వాతి రౌండ్ ఎప్పుడని అడగడానికి 'ఐ వాజ్ వండరింగ్ వెన్ ది నెక్స్ట్ రౌండ్ ఈజ్'. రెండోది రూపంలో గతం, అర్థంలో ఇప్పటిదే, మర్యాద కోసం అట్లా అంటారు.

చివరగా ఇంటర్వ్యూ. మీరు డిగ్రీ అయినాక కొంత ఖాళీ ఉంటే తప్పకుండా ఈ ప్రశ్న వస్తుంది: 'వాట్ వర్ యూ డూయింగ్ ఆఫ్టర్ యువర్ డిగ్రీ?' ప్రశ్నే పాస్ట్ కంటిన్యువస్‌లో ఉంది, కాబట్టి మొదటి వాక్యం అదే టెన్స్‌లో ఇవ్వండి, ఆ కాలానికి రంగం పరిచినట్టుంటుంది: 'ఐ వాజ్ ప్రిపేరింగ్ ఫర్ బ్యాంక్ ఎగ్జామ్స్ అండ్ హెల్పింగ్ మై ఫాదర్ విత్ ది అకౌంట్స్'. వాజ్ ఒక్కసారి చాలు, రెండో క్రియ దగ్గర మళ్ళీ చెప్పక్కర్లేదు. అక్కడి నుంచి వెంటనే సింపుల్ పాస్ట్‌కు దిగండి, చేసి ముగించినవి అందులోనే చెప్పాలి: 'డ్యూరింగ్ దట్ టైమ్ ఐ లెర్న్‌డ్ ట్యాలీ. ఐ ఫినిష్డ్ ది కోర్స్ ఇన్ త్రీ మంత్స్'. ఆ తర్వాత ప్రెజెంట్‌లోకి రండి: 'నౌ ఐ కెన్ డూ జీఎస్‌టీ ఎంట్రీస్ ఆన్ మై ఓన్'. చేసిన పరీక్షలు, నెలలు మీవి పెట్టుకొని ఈ నాలుగు వాక్యాలను ఇప్పుడే రాసుకోండి, పైన చెప్పిన రికార్డింగ్‌లో రోజూ చివర ఇవి కూడా చెప్పండి.